క్రిస్మస్ సీజన్‌ని కర్రతో, వాకర్‌తో, వీల్‌చైర్‌తో హాయిగా గడపడం ఎలా

డిసెంబర్ వచ్చిందంటే ఆరాధనలు, క్యారల్స్, షాపింగ్, చుట్టాల ఇళ్ళు, భోజనాలు అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, మామూలు నెలల్లో ఇంట్లోకీ వీధి చివరికీ సరిపోయే కర్ర ఈ నెలలో సరిపోదు, ఎందుకంటే ఒకే రోజు నిలబడాలి, నడవాలి, మెట్లెక్కాలి, జనంలో నెట్టుకుంటూ వెళ్ళాలి, పైగా నిద్ర తక్కువ. అందుకే నన్ను ఎవరడిగినా మొదట చెప్పేది ఇదే, ఈ సీజన్‌లో మీరు రోజూ వాడేదానికంటే ఒక మెట్టు ఎక్కువ ఆసరా ఇచ్చేది వాడండి. కర్ర వాడేవాళ్ళు సీటున్న నాలుగు చక్రాల వాకర్ తీసుకెళ్ళండి. వాకర్ వాడేవాళ్ళు దూరాలకి వీల్‌చైర్ పెట్టుకోండి. చేత్తో తోసుకునే వీల్‌చైర్ వాళ్ళు ఆ ఒక్క పెద్ద రోజుకి తోసేందుకు ఇంకొకర్ని మాట్లాడి పెట్టుకోండి, లేదా ఎలక్ట్రిక్‌ది అద్దెకి దొరికితే తీసుకోండి.

చాలామంది దీనికి పూర్తిగా ఉల్టా చేస్తారు, పండగ కదా, ఫోటోలు తీస్తారు కదా, అందరూ చూస్తారు కదా అని ఆ రోజే వాకర్ ఇంట్లో వదిలేసి ఎవరి భుజమో పట్టుకుని వెళ్తారు, గంట తిరిగేసరికి కాళ్ళు వణుకుతుంటాయి, పాటలు వినబడవు, పక్కవాళ్ళు ఏం మాట్లాడుతున్నారో బుర్రకెక్కదు, ఎప్పుడు కూర్చుందామా అన్న ఒక్క ఆలోచనే. అలా నిలబడి పండగ చూసినా చూడనట్టే. కొంచెం నడవగలిగినవాళ్ళు వీల్‌చైర్ వాడకూడదనే రూలేం లేదు, ఈ మాట నేను ఎన్నిసార్లైనా చెప్తా, నడవగలరు గానీ అంతసేపు నడవలేరు, లేదా నడిస్తే రెండ్రోజులు మంచమెక్కుతారు అంటే వీల్‌చైర్ మీకోసమే, మధ్యలో లేచి నాలుగడుగులు వేస్తే ఎవరైనా వింతగా చూశారనుకోండి, చూడనివ్వండి.

ముందు మీ సామాను చెక్ చేసుకోండి

ఇది నెల మొదట్లోనే చేసేయండి, పండగ ముందురోజు రిపేర్ చేసేవాళ్ళు దొరకరు. కర్ర, ఊతకర్రలు, మామూలు వాకర్ అయితే కింద రబ్బరు బుష్షులు తిప్పి చూడండి, అడుగున గాడులు అరిగి నున్నగా అయిపోయి ఉంటే మార్చేయాలి, అది చాలా చిన్న ఖర్చు, తడి టైల్స్ మీద మిమ్మల్ని నిలబెట్టేది అదే. ఎత్తు కూడా చూసుకోండి. బయటికి వేసుకెళ్ళే చెప్పులో షూసో వేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి కిందకి వదిలేస్తే కర్ర పిడి మీ మణికట్టు ముడత దగ్గరికి రావాలి, పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా, ఒక 15 నుంచి 20 డిగ్రీలు వంగాలి. పండగకి కొత్త షూస్ కొన్నారా, మడమ ఎత్తు మారిందంటే కర్ర ఎత్తు కూడా మారాలి, ఇది ఎవరికీ గుర్తుండదు. చంకల కింద పెట్టుకునే ఊతకర్రలకైతే చంకకీ పైభాగానికీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి, బరువు చేతుల మీద పడాలి గానీ చంకల మీద కాదు, అక్కడ నరాలు నొక్కుకుపోతే చెయ్యి తిమ్మిరెక్కుతుంది.

కొత్తగా కర్ర పట్టినవాళ్ళకి ఇంకో మాట, నొప్పి ఉన్న కాలికి అవతలి వైపు చేత్తో కర్ర పట్టాలి. మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, తర్వాత బాగోలేని కాలూ కర్రా. దిగేటప్పుడు కర్రా బాగోలేని కాలూ ముందు. ఏదో ఒక ఇంట్లో రెయిలింగ్ లేని మెట్లు తప్పకుండా ఎదురవుతాయి కాబట్టి ఇంట్లో రెండు మెట్ల మీద ప్రాక్టీస్ చేసుకోండి.

వీల్‌చైర్ అయితే టైర్లలో గాలి, బ్రేకులు గట్టిగా పడుతున్నాయా, ముందు చిన్న చక్రాల్లో జుట్టూ దారాలూ చుట్టుకున్నాయా, ఇవి చూడండి. గాలి తక్కువుంటే తోయడం బరువవడమే కాదు, టైరుని నొక్కిపట్టే బ్రేకులు సరిగ్గా పట్టవు కూడా. నాలుగు చక్రాల వాకర్ మీద కూర్చునే ముందు రెండు బ్రేకులూ లాక్ చేయాలి. దాని మీద కూర్చోబెట్టి ఎవరైనా సరదాగా తోస్తానంటే మాత్రం ఒద్దనండి, పిల్లలు పెద్దలు అందరూ ఇది చేస్తారు, ఆ సీటు ఆగి కూర్చోడానికే గానీ మనిషిని మోస్తూ దొర్లడానికి కాదు, చిన్న రాయి అడ్డం పడినా తిరగబడిపోతుంది.

ఇల్లు అలంకరించుకోవడం

ట్రీ ఎక్కడ పెట్టాలో ముందు దారి చూసుకుని నిర్ణయించండి. మంచం నుంచి బాత్రూంకి, కుర్చీ నుంచి వంటింటికి మీరు రోజూ తిరిగే దారిలో కనీసం 3 అడుగుల వెడల్పు ఖాళీగా ఉండాలి, వీల్‌చైర్ పూర్తిగా వెనక్కి తిరగాలంటే సుమారు 5 అడుగుల చోటు కావాలి. ట్రీ పెట్టాక ఆ చోటు పోతుందనుకుంటే చిన్న ట్రీ తెచ్చి టేబుల్ మీద పెట్టుకోండి, కూర్చున్నవాళ్ళ కంటికి ఎదురుగా ఉంటుంది, అలంకరించడం కూడా పూర్తిగా మీ చేతుల మీదే అవుతుంది, నా మటుకు నాకు పైకప్పు తాకే ట్రీ కంటే ఇదే నచ్చుతుంది. పెద్ద ట్రీనే కావాలంటే కింది సగం మీది, పై సగం ఇంట్లో నిలబడగలిగినవాళ్ళది, పైన స్టార్ కోసం మాత్రం స్టూలు ఎక్కొద్దు.

సీరియల్ లైట్ల వైర్లు గోడ వెంట తీసుకెళ్ళి టేప్ వేయండి. కార్పెట్ కింద నుంచి లాగడం మంచిది కాదు, కర్ర తగులుతుంది, వాకర్ కాలు ఇరుక్కుంటుంది, వైరు కింద నలిగి వేడెక్కి కాలే ప్రమాదం కూడా ఉంది. స్విచ్ ట్రీ వెనకాల ఉంటే రోజూ వంగి మోకాళ్ళ మీద పాకాల్సి వస్తుంది కాబట్టి రిమోట్‌తో గానీ ఫోన్‌తో గానీ ఆన్ అయ్యే ప్లగ్ పెట్టించుకోండి. జారే చిన్న మ్యాట్లు, గుమ్మం దగ్గర కొత్తగా వేసే పండగ పట్టాలు అన్నీ తీసేయడమే మంచిది. గిఫ్టులు ట్రీ కింద నేల మీద కాకుండా ఒక బల్ల మీద పేర్చండి, అప్పుడు ఇచ్చేది మీరే అవ్వచ్చు, ఇంకొకరు వంగి తీసి అందించక్కర్లేదు. ప్యాకింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చేయండి, చేతుల్లో పట్టు తక్కువుంటే కాగితం చుట్టడం మానేసి గిఫ్ట్ బ్యాగులు వాడండి. కింద పడినవి తీసుకోడానికి గ్రాబర్ కర్ర ఒకటి దగ్గర పెట్టుకుంటే ఈ నెల రోజులూ తెగ పనికొస్తుంది.

కర్రనీ వీల్‌చైర్‌నీ కూడా అలంకరించండి! ఇది నాకు ఎంతో ఇష్టమైన పని. బ్యాటరీతో వెలిగే సన్న లైట్ల దండ కర్రకి పైనుంచి కిందకి చుట్టచ్చు, వాకర్ ముందు కమ్మీకి చిన్న గంటలు కట్టచ్చు, వీల్‌చైర్ వెనక ఆకుపచ్చ దండ వేయచ్చు. జాగ్రత్తలు కొన్నే ఉన్నాయి, పట్టుకునే చోటా బ్రేకు వైర్ల దగ్గరా ఏమీ చుట్టకూడదు, చక్రం తిరిగే చోటుకి వేలాడేది ఏదీ ఉండకూడదు, కర్ర కింది జానెడు ఖాళీగా వదిలేయాలి, మెరుపు దండల పోగులు చిన్న చక్రాల్లోకి పోతే బండి ఠక్కున ఆగి మీరు ముందుకి తూలిపోతారు. పొడుగు స్కార్ఫులూ చున్నీలూ కొంగులూ వీల్‌చైర్ చక్రాల్లో పడకుండా ఒడిలోకి దోపుకోండి.

ఎవరింటికైనా వెళ్ళే ముందు

ఇక్కడే పండగ బాగుండటమో పాడవటమో తేలిపోతుంది కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా. "మీ ఇంటికి వీల్‌చైర్ వస్తుందా" అని అడిగితే పాపం వాళ్ళు ప్రేమతో "ఆ వస్తుంది, ఏం పర్లేదు, మేమున్నాం కదా" అనేస్తారు, వాళ్ళకి నిజంగా తెలియదు, రోజూ ఎక్కే మూడు మెట్లు వాళ్ళ లెక్కలో మెట్లే కావు. అందుకని కొలిచి చెప్పగలిగే ప్రశ్నలు అడగండి. బండి దిగిన దగ్గర్నుంచి హాల్లోకి ఎన్ని మెట్లు, ఒక్కో మెట్టు ఎంత ఎత్తు, పట్టుకోడానికి రెయిలింగ్ ఏ వైపు ఉంది, బాత్రూం తలుపు వెడల్పెంత, లోపల మెట్టు దిగాలా, కమోడ్ ఎత్తు మోకాళ్ళకి వస్తుందా, చేతులున్న గట్టి కుర్చీ ఒకటి ఉందా. ఇంకా మంచిది, "ఒక్కసారి గుమ్మందీ బాత్రూందీ ఫోటో తీసి పంపు అక్కా" అని అడిగేయండి, నిమిషంలో తేలిపోతుంది. వీటిలో సగం ప్రశ్నలు అడగడానికి మొహమాటమైతే బాత్రూం గురించి మాత్రం తప్పకుండా అడగండి, ఎందుకంటే మిగతావి ఎలాగో సర్దుకోవచ్చు, బాత్రూంలోకి వెళ్ళలేకపోతే మాత్రం మంచినీళ్ళు తాగకుండా కూర్చుని గంటలు లెక్కపెట్టుకోవాలి.

కొలతలు ఇవీ. వీల్‌చైర్ వెడల్పు సీటుది కాదు కొలవాల్సింది, చేత్తో తిప్పే రెండు బయటి రింగుల మధ్య దూరం కొలవాలి. తలుపు తెరిచాక ఖాళీ 32 అంగుళాలు ఉంటే చాలా వీల్‌చైర్లు సుఖంగా వెళ్తాయి, తలుపు రెక్క మందం కూడా కొంత చోటు తింటుంది, కొంచెంలో పట్టట్లేదంటే ఆ ఒక్క రోజుకి తలుపు ఊడదీసి కర్టెన్ కట్టేయచ్చు, దగ్గరి చుట్టాల ఇంట్లో అయితే అది పెద్ద విషయమేమీ కాదు. మడిచే ర్యాంప్ తీసుకెళ్తుంటే 1 అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు అని లెక్క వేసుకోండి, అంటే 6 అంగుళాల మెట్టు ఒక్కదానికే 6 అడుగుల ర్యాంప్ కావాలి. చెక్క పలక ఏదో అడ్డంగా వేసి "ఎక్కేయ్ ఎక్కేయ్" అంటే ఒప్పుకోకండి. మనిషితో సహా ఎత్తుతామన్నా అంతే, ఎత్తేవాళ్ళ నడుమూ మీ ప్రాణమూ రెండూ రిస్కే, వీలుకాకపోతే అందరూ కింద వరండాలోకే వచ్చి కూర్చుంటే పోలా, నిజంగా ప్రేమున్నవాళ్ళు దిగి వస్తారు.

భోజనాల టేబుల్ కింద మోకాళ్ళు పట్టడానికి నేల నుంచి సుమారు 27 అంగుళాల ఖాళీ కావాలి, టేబుల్ కాలు మధ్యలో అడ్డొచ్చే సీటు ఒద్దనండి, చివరి సీటు అడగండి, లేవాల్సొస్తే నలుగుర్ని లేపక్కర్లేదు. మెత్తటి లోతైన సోఫాలు చూడ్డానికి బాగుంటాయి, అందులోంచి లేవడం మాత్రం నరకం, దాంట్లో కూర్చోబెడతామంటే నవ్వుతూ గట్టి కుర్చీ అడిగి తీసుకోండి.

ఇంకొకటి అందరిళ్ళల్లో జరిగేది, మీరు కూర్చోగానే ఎవరో ఒకరు "అడ్డంగా ఉంది" అని మీ కర్రనో వాకర్‌నో తీసుకెళ్ళి పక్కగదిలో పెట్టేస్తారు. వెంటనే చెప్పండి, "అది నా చేతికందే దూరంలోనే ఉండాలి" అని. కళ్ళజోడు ముఖమ్మీంచి తీసి అల్మారాలో పెట్టినట్టే అది. పిల్లలు దాంతో ఆడుకుంటామంటే మీరు పక్కన ఉండి చూపించండి, ఎందుకు వాడుతున్నావు అని అడిగితే సూటిగా చెప్పేయండి, పిల్లలకి ఒక్క వాక్యం చాలు, "నా కాళ్ళు త్వరగా అలసిపోతాయి, ఇది సాయం చేస్తుంది", అంతే, వాళ్ళు ఆటకి వెళ్ళిపోతారు. పెద్దవాళ్ళలో జాలి చూపించేవాళ్ళకి మాత్రం జవాబు ముందే అనుకుని వెళ్ళండి, లేకపోతే ఆ మాట రోజంతా మనసులో తిరుగుతుంది.

ఆరాధనలు, క్యారల్స్, నాటికలు

అర్ధరాత్రి ఆరాధనకి వెళ్తున్నట్టయితే మధ్యాహ్నం తప్పకుండా పడుకోండి, రోజువారీ మందుల టైము ఎటు జరుగుతుందో ముందే చూసుకోండి. చర్చిలో ఎక్కడ కూర్చోవాలో పాస్టర్ గారితోనో సంఘంలో ఏర్పాట్లు చూసేవాళ్ళతోనో కొన్ని రోజుల ముందే మాట్లాడండి, వీల్‌చైర్‌ని నడిచే దారి మధ్యలో పెడితే అందరికీ అడ్డమే కాదు, ఏదైనా అయితే జనం బయటికి పోయే దారి కూడా అదే, కాబట్టి ఒక వరస చివర కుర్చీ తీయించి ఆ ఖాళీలో పెట్టించుకోండి, మీ ఇంట్లోవాళ్ళు పక్కనే ఉంటారు. వెనక మూలలో వద్దు, ముందు అందరూ నిలబడితే మీకు వీపులు తప్ప ఏం కనబడవు. "లేచి నిలబడండి" అన్నప్పుడు మీరు కూర్చునే పాడండి, దేవుడికి మీ కాళ్ళ సంగతి తెలుసు. కొవ్వొత్తులు వెలిగించే ఆరాధన అయితే రెండు చేతుల్లో ఊతకర్రలున్నవాళ్ళు బ్యాటరీ కొవ్వొత్తి తెచ్చుకోండి, ఒళ్ళో దుప్పటి ఉన్నవాళ్ళు కూడా.

పిల్లల క్రిస్మస్ నాటికల గురించి చెప్పకుండా ఉండలేను. వీల్‌చైర్‌లో ఉన్న పాపకి "నువ్వు చూడమ్మా" అని ముందు వరసలో కూర్చోబెట్టడం కాదు, వేషం ఇవ్వండి. వీల్‌చైర్‌కి అట్టముక్కలతో ఒంటె మెడ కట్టేస్తే జ్ఞానుల్లో ఒకరు ఒంటె మీద వచ్చినట్టే ఉంటుంది, వెనక రెక్కలు కడితే దేవదూత, వాకర్ పట్టుకున్న గొర్రెల కాపరి కూడా చక్కగా ఉంటాడు. స్టేజీకి ర్యాంప్ లేకపోతే నాటికని స్టేజీ కింద నేల మీద వేయండి. అంగీ అంచు మాత్రం ఫుట్‌రెస్ట్ పైకే ఉండేలా పిన్నులు పెట్టండి.

క్యారల్స్‌కి రాత్రంతా అన్ని ఇళ్ళకీ తిరగక్కర్లేదు, మీకు బాగా కావలసిన రెండు మూడు ఇళ్ళు ఎంచుకుని నేరుగా అక్కడికి బండిలో వెళ్ళి కలవండి. చీకట్లో వెళ్తున్నారు కాబట్టి వాకర్‌కి చిన్న టార్చ్ కట్టండి, వీల్‌చైర్ వెనక మెరిసే స్టిక్కర్లు అంటించండి.

వీల్‌చైర్‌లో ఎక్కువసేపు కూర్చునేవాళ్ళు, ముఖ్యంగా నడుము కింద స్పర్శ తక్కువున్నవాళ్ళు, ప్రతి 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకో పక్కకో వంగి పిరుదుల మీద బరువు తీయాలి, లేకపోతే పుండ్లు పడతాయి, పండగ సందట్లో ఇది మర్చిపోవడం చాలా తేలిక కాబట్టి ఫోన్‌లో వైబ్రేషన్ అలారం పెట్టుకోండి. స్పర్శ లేని కాళ్ళ దగ్గర వేడినీళ్ళ బ్యాగు, హీటర్, చలిమంట ఏవీ వద్దు, కాలినా తెలియదు. వేడి డ్రింక్ ఉన్న కప్పు కూడా ఒడిలో పెట్టుకోకండి, మూతున్న గ్లాసు, ట్రే వాడండి.

చలి, షాపింగ్, ప్రయాణాలు

మంచు పడే చోట ఉంటే కర్ర చివర బిగించే మడత ముల్లు దొరుకుతుంది, లోపలికి రాగానే దాన్ని పైకి మడిచేయాలి, టైల్స్ మీద అది జారిపోతుంది. తడిసిన రబ్బరు బుష్షుని గుమ్మంలోనే గుడ్డతో తుడవండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, అందుకే ఎలక్ట్రిక్ వీల్‌చైర్, స్కూటర్ వాళ్ళు మామూలు దూరంలో సగానికే ప్లాన్ వేసుకుంటే మేలు, చార్జింగ్ ఇంటి లోపల పెట్టండి. రింగులు తిప్పేవాళ్ళకి పట్టున్న గ్లవ్స్ కావాలి.

షాపింగ్ పొద్దున్నే తెరవగానే చేయండి, లేదా ఆన్‌లైన్‌లో ముగించేయండి. చాలా పెద్ద మాల్స్‌లో అడిగితే వీల్‌చైర్ ఇస్తారు. సంచులు తేలికపాటి వీల్‌చైర్ వెనక తగిలిస్తే ర్యాంప్ ఎక్కేటప్పుడు వెనక్కి పడే ప్రమాదం ఉంది, మీరు దిగగానే కుర్చీ కూడా వెనక్కి పడుతుంది, కాబట్టి బరువు సీటు కిందో ఒళ్ళోనో. వాకర్‌కైతే బుట్ట ఉండాలి, పిడికి తగిలించిన సంచి దాన్ని ఒక పక్కకి లాగేస్తుంది.

విమానంలో వెళ్తుంటే కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కి చెప్పండి, ఎలక్ట్రిక్ వీల్‌చైర్ అయితే బుక్ చేసిన రోజే. మడిచే వీల్‌చైర్లలో ఊడదీసే లిథియం బ్యాటరీ కెపాసిటీ 300 వాట్ అవర్స్ దాటకూడదని రూలుంది, వోల్టుల్ని ఆంప్ అవర్స్‌తో గుణిస్తే లెక్క వస్తుంది, 24 వోల్టులు 12 ఆంప్ అవర్స్ అంటే 288, సరిపోతుంది. ఊడదీసిన బ్యాటరీ మీతో పాటు క్యాబిన్‌లోకే రావాలి. మీ వీల్‌చైర్ విమానం తలుపు దాకా కావాలని అడగండి, అప్పగించే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి, కుషన్, ఫుట్‌రెస్టుల్లాంటి ఊడే భాగాలన్నీ మీ దగ్గరే పెట్టుకోండి, ఎలా మడవాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కట్టండి.

ఒక రోజుకి ఒకటే పెద్ద పని

క్యాలెండర్ ముందు పెట్టుకుని ఈ సీజన్‌లో ఏది మిస్ అయితే మీకు నిజంగా బాధేస్తుందో అది ఒకటి ఎంచుకోండి, ఆరాధనా, మనవలతో భోజనమా, క్యారల్సా, అది మీ ఇష్టం, వేరేవాళ్ళు చెప్పేది కాదు. దానికి ముందురోజూ మర్నాడూ ఖాళీగా వదిలేయండి. మిగతావన్నీ వీలైతేనే. వెళ్ళిన చోట ఎన్నింటికి బయల్దేరతారో వెళ్ళగానే చెప్పేయండి, తీసుకెళ్ళేవాళ్ళతో కూడా ముందే మాట్లాడుకోండి, ఇంకా ఓపిక ఉండగానే లేవండి, ఒళ్ళు హూనమయ్యాక చీకట్లో మెట్లు దిగేటప్పుడే ఎక్కువమంది పడతారని నా భయం. నొప్పి మందులో కండరాలు సడలే మందులో వేసుకునేవాళ్ళు మద్యం జోలికి పోవద్దు, తూలు ఇంకా ఎక్కువవుతుంది.

ఇంట్లోవాళ్ళు చేయాల్సినవి కూడా ఉన్నాయి. అడక్కుండా వీల్‌చైర్ పట్టుకుని తోయకండి. మాట్లాడేటప్పుడు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చోండి, మెడ ఎత్తి మాట్లాడటం చాలా నొప్పి. ఫోటోలో అందరూ నిలబడి ఒక్కరు కింద కనబడకుండా మీరంతా కూడా కూర్చోండి. "నువ్వు ఊరికే కూర్చో" అనడం కంటే పని ఇవ్వండి, లైట్లు ఆన్ చేయడం, గిఫ్టులు పేరు పిలిచి పంచడం, ప్రార్థన నడిపించడం, పాట మొదలెట్టడం.

పండగ అయిపోయాక ఓ పూట విశ్రాంతి తీసుకుని చిన్న చక్రాల్లో చుట్టుకున్న రిబ్బన్లూ దారాలూ కత్తెరతో తీసేయండి, తడిసిన బ్రేకుల దగ్గర తుడిచి ఆరబెట్టండి, వదులైన నట్లు బిగించండి, బ్యాటరీ ఫుల్ చార్జింగ్ పెట్టండి, వారంలో 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన ఉంది కదా, దానికి ఎక్కడ కూర్చోవాలో ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేయండి.